ఊపిరాడని కన్ను

బోధన్, రాకాసిపేట
నవంబరు, 1966

బాలకు వదిన దీవెనలు.

ఇక్కడ చెరుకు గానుగ మొదలైంది. బండ్ల వరస మా బడి గేటు దాకా వచ్చింది. పిల్లలు కదిలే బండ్లలోంచి గడలు లాక్కుని నములుతూ క్లాసుకు వస్తున్నారు. నేను పాఠం చెప్పడం కంటే పిప్పి ఊడ్పించడమే ఎక్కువైంది. ఊరంతా పాకం వాసన. మీ అన్న ఉన్నప్పుడు ఈ వాసన ఆయన చొక్కాతోపాటు ఇంట్లోకి వచ్చేది. ఇప్పుడు కిటికీలోంచి వస్తోంది.

నీ నర్సు ఉద్యోగం ఎలా ఉంది? ఆడవాళ్ల వార్డు నుంచి కళ్ల వార్డుకు మార్చారని రాశావు. కాన్పుల అరుపులు తప్పాయి కదా, అదే మేలు.

ఒక వింత చెబుతాను. ఈమధ్య సందె వేళ ఫ్యాక్టరీ దీపాల వంక చూస్తే ఒక్కో దీపం చుట్టూ వానవిల్లులా ఒక సింగిడి కనిపిస్తోంది. లోపల నీలం, బయట ఎరుపు. చూడటానికి ఎంత బాగుందో! మా ఇంటి యజమానురాలు అజీజా బేగంను పిలిచి చూపించాను. "నాకైతే ఉత్త బల్బులే కనవడ్తున్నయ్ టీచరమ్మా, పండుగ మీ ఒక్కరికే వచ్చినట్టున్నది" అని నవ్వింది. ఫ్యాక్టరీ పొగ వల్లనేమో. ఆ వేళకు ఎడమ కనుబొమ్మ మీద కాస్త నొప్పి కూడా ఉంటుంది. నిద్రపోయి లేస్తే నొప్పీ ఉండదు, సింగిడీ ఉండదు. పలకలు దిద్దీ దిద్దీ తల అలసిపోతోందని అనుకుంటున్నాను.

వేల్పూర్ నుంచి అత్తమ్మ కబురు పంపింది. పసుపు చేను బాగుందట. నువ్వు పోయి చూసి చాలా రోజులైందని నిష్ఠూరమాడింది. ఒకసారి పోయి రా.

నీ వదిన,
సాయవ్వ


నిజామాబాద్
నవంబరు, 1966

వదినకు బాల వందనాలు.

నీ ఉత్తరం డ్యూటీలో ఉండగా అందింది. సింగిడి అన్న చోట చదవడం ఆపేసి, ఉత్తరం చేత్తో పట్టుకునే డాక్టరు గారి గదికి పోయాను. వదినా, అది వింత కాదు. మా డాక్టరు గారు నడి వయసు ఆడవాళ్లు ఎవరు తలనొప్పి అని వచ్చినా మొదట అడిగే మాట అదే. "దీపాల చుట్టూ రంగులు కనవడ్తున్నయా?" అవునంటే మిగతా రోగులను బయట కూర్చోబెట్టి ఆమెను చూస్తారు. కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు ఒకటి ఉంది. అదే అని నేననడం లేదు. కాదని తేలిపోతే నాకు నిద్ర పడుతుంది.

వచ్చే శనివారం పొద్దున బస్సుకు వచ్చెయ్యి. సాయంత్రం బస్సుకు పంపించేస్తాను. పలకలు, పిప్పి, పిల్లలు అని సాకులు రాయకు.

నీ బాల


బోధన్
డిసెంబరు, 1966

బాలకు,

నువ్వు ఊరికే భయపడి నన్నూ భయపెట్టావు. నీ ఉత్తరం వచ్చిన మరునాటి నుంచి ఆ రంగులు లేవు, నొప్పి లేదు. శనివారం రాలేకపోయాను. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని మా హెడ్మిస్ట్రెస్ రేణుకమ్మ సెలవులన్నీ ఆపింది. క్రిస్మస్ సెలవులకు వస్తాను. అప్పుడు నీ డాక్టరు గారికి నా రెండు కళ్లూ చూపిద్దువుగాని.

తొందరలో రాస్తున్నాను.

సాయవ్వ


నిజామాబాద్
జనవరి, 1967

వదినా,

నిన్ను బస్సెక్కించి వచ్చేసరికి నీ మంచం మీద వేరే ఆమెను పడుకోబెట్టారు. నీ దువ్వెన కిటికీలో ఉండిపోయింది. దాచి ఉంచాను.

నువ్వు వచ్చిన రోజు నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. కొంగు కంటికి అడ్డం పెట్టుకుని, అజీజా బేగం భుజం మీద తల వాల్చి, నడుస్తూ నడుస్తూ ఆగి కక్కుకుంటూ వచ్చావు. "మూడు దినాల సంది గిదే వరస సిస్టరమ్మా! పైత్యమన్నరు, పొడి ఇచ్చిన్రు. పొద్దున నేను కొంగు గుంజి సూస్తె కన్ను రక్తంలెక్క ఉన్నది" అని ఆమె ఏడ్చింది. నల్లగుడ్డు మీద పొగ కమ్మినట్టు ఉంది. రెప్ప మీద వేలు ఆనించి చూస్తే లోపల గోలీకాయలా గట్టిగా ఉంది. అజీజా బేగం కొంగు గుంజకపోతే ఇంకెన్ని రోజులు కడుపుకు మందు మింగేదానివో.

నొప్పి తగ్గింది. దేవునికి స్తోత్రం. చూపు సంగతి అంటావా, నెమ్మదిగా వస్తుంది. తొందరపడకు. మనసు గట్టిగా పెట్టుకో.

కానీ కుడి కన్ను విషయం ఆలస్యం చెయ్యొద్దు. రెండు కళ్లూ ఒకే కట్టుబడి. ఎడమ కంటికి వచ్చింది రేపు కుడికంటికి కూడా రావచ్చు. దానిలో సూది మొనంత చిన్న కిటికీ ఒకటి తెరిస్తే ఆ భయం ఉండదని డాక్టరు గారు అంటున్నారు. ఇప్పుడే, అది బాగున్నప్పుడే చెయ్యాలి. ఇంటికి పోతానని నువ్వు పట్టుబట్టావు కాబట్టి పంపించాను. నెల తిరగకముందే మళ్లీ రావాలి. అప్పటి దాకా కుడి కంట్లో చుక్కలు మానకు.

అమ్మకు ఇదేమీ తెలియనివ్వలేదు. కంటికి దుమ్ము తగిలిందని చెప్పించాను.

నీ బాల


బోధన్
ఫిబ్రవరి, 1967

బాలకు దీవెనలు.

బడికి పోతున్నాను. రెండు రోజులు తలుపు చెక్కలకు ఎడమ భుజం తగిలింది. చాయ్ పోస్తే కప్పులో పడకుండా పక్కన పడింది. ఇప్పుడు కాస్త అలవాటైంది. పిల్లలు నాకు ఎడమ వైపు కూర్చుని అల్లరి చేస్తే దొరకరని కనిపెట్టారు. ఒక వారం ఊరుకుని, తర్వాత బల్లలన్నీ కుడి పక్కకు జరిపించాను.

నువ్వు అడగలేదు గానీ చెబుతున్నాను. ఆ సాయంత్రం కంట్లో మొదలైన నొప్పి తలలోకి, పంటిలోకి, మెడలోకి పాకింది. తలను గోడకేసి కొట్టుకుంటే బాగుండుననిపించింది. మా వీధి డాక్టరు కడుపు నొక్కి చూశాడు, నాలుక చూశాడు. కన్ను ఎర్రగా ఉందని అజీజా అంటే, "గంతగనం కక్కితే ఎవరి కన్నయినా ఎర్రగైతది" అన్నాడు. నాకూ నిజమేననిపించింది. పైత్యం దిగితే అన్నీ దిగుతాయని పడుకున్నాను.

రోజూ పొద్దున లేవగానే కుడి కన్ను మూసుకుని ఎడమ కంటితో కిటికీ వైపు చూస్తున్నాను. నిన్న కొంచెం తెల్లగా అనిపించింది. ఇవాళ మళ్లీ లేదు. అలాగే మొదలవుతుందా, బాలా? నువ్వు ఎంతమందినో చూశావు. ముందు వెలుగు వచ్చి, తర్వాత మనుషులు కనిపిస్తారా?

ఆపరేషన్ సంగతి. నా మాట విను. ఎడమది రానీ. అది వచ్చిన మరునాడే కుడిదాన్ని మీ డాక్టరు గారి చేతిలో పెడతాను. ఉన్న ఒక్క కంటికి కత్తి పెట్టించుకోమంటే నాకు ధైర్యం చాలడం లేదు. ఏదైనా అటూ ఇటూ అయితే నేను బడి ఎలా చెప్పాలి? నన్ను కనిపెట్టుకుని ఉండటానికి మాకు పిల్లలు కూడా లేరు.

నీ వదిన


నిజామాబాద్
ఫిబ్రవరి, 1967

వదినా,

మాటిమాటికీ కన్ను మూసి పరీక్షించుకోకు. దానివల్ల మనసు చెడుతుంది తప్ప మేలు లేదు.

కుడి కన్నును ఎడమ కంటితో ముడిపెట్టకు. రెండూ వేరు వేరు సంగతులు. డాక్టరు గారు నిన్న కూడా అడిగారు. "మీ వదినను ఎప్పుడు పిలుస్తవమ్మా? మళ్లొక్కసారి మూడు దినాలు ఆలస్యమైతే నా చేతుల ఏముండది" అన్నారు. నీకు మత్తు సూది ఇస్తారు, నొప్పి తెలియదు. నేను పక్కనే ఉంటాను. ఇంత చెప్పినా వినకపోతే నేనే సెలవు పెట్టి వచ్చి లాక్కుపోతాను.

బాల


బోధన్
మార్చి, 1967

బాలకు,

నేనడిగినదానికి నువ్వు జవాబు రాయలేదు. పని ఎక్కువై మరిచిపోయి ఉంటావు.

ఎవరికీ చెప్పని మాట ఒకటి రాస్తున్నాను. కన్ను పోవడానికి ముందు నేను ఒక తప్పు చేశాను. ఏమిటని అడగకు. పాస్టరు గారు పీఠం మీద నిలబడి చేయవద్దని చెప్పే పని. ఆ తప్పు చేస్తూ ఉండగానే, అక్కడే కూర్చుని ఉండగానే, నా కంట్లో నొప్పి మొదలైంది. ఇంత వెంటనే దెబ్బ కొట్టాడంటే దేవుడు నన్ను ఎంత దగ్గరగా చూస్తున్నాడో తెలిసింది.

ఈస్టరు ముందు వచ్చే శ్రమదినాలు మొదలైన నాటి నుంచి పగలు అన్నం ముట్టడం లేదు. సాయంత్రం ఒక పూట తింటున్నాను. నువ్వు చూపు నెమ్మదిగా వస్తుందని అన్నావు. నా ప్రాయశ్చిత్తం నెరవేరిన రోజున వస్తుందని నాకు నమ్మకం. ఈస్టరు తెల్లవారి సమాధుల దగ్గర ప్రార్థనకు పోతాం కదా, ఆ వెలుతురు నేను రెండు కళ్లతో చూస్తాను. నా మనసు అలాగే చెబుతోంది. అప్పుడు సంతోషంగా వచ్చి ఆపరేషన్ చేయించుకుంటాను. అంత వరకు ఎవరు పిలిచినా రాను. దేవుడు ఇస్తానన్నది అందుకోకముందే కత్తి దగ్గరకు పోతే అపనమ్మకం అవుతుంది.

నువ్వూ నా కోసం ప్రార్థన చెయ్యి.

సాయవ్వ


నిజామాబాద్
మార్చి, 1967

వదినా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. పక్కన అజీజా బేగంను ఉండమను.

నీ ఎడమ కంటి చూపు రాదు. ఈస్టరుకూ రాదు, ఎప్పటికీ రాదు. నువ్వు వార్డులో చేరిన రోజే డాక్టరు గారు టార్చిలైటు నీ కంటి ముందుకు తెచ్చి "వెలుగు తెలుస్తోందా?" అని అడిగారు. నువ్వు "ఎక్కడ?" అన్నావు. ఆ మాటతోనే మా ఇద్దరికీ తెలిసిపోయింది. "ఇంటోళ్లకు చెప్పున్రి" అని నాకు అప్పగించారు. ఇంటివాళ్లంటే నేనే కదా. నేను నెమ్మదిగా వస్తుందని చెప్పాను.

ఎందుకని అడుగుతావు. అన్న పోయిన రోజు ఫ్యాక్టరీ నుంచి కబురు మొదట నాకే వచ్చింది. నీకు చెప్పింది నేను. అప్పుడు నువ్వు నా మొహంలోకి చూసిన చూపు నాలుగేళ్లయినా నన్ను వదల్లేదు. మళ్లీ నేనే నీ ముందు నిలబడి ఇంకో మాట చెప్పలేకపోయాను. నాలుగు రోజులు పోయాక చెబుదామనుకున్నాను. పది రోజులు పోయాక అనుకున్నాను. నువ్వు కిటికీ తెల్లగా కనిపించిందని రాసినప్పుడు కాగితం తీసుకుని కూర్చుని, వేరే ఏదో రాసి పంపాను. ఇప్పుడు నువ్వు నా అబద్ధాన్ని పట్టుకుని ఉపవాసం ఉంటున్నావు. దాని కోసం కుడి కన్ను కూడా పోగొట్టుకునేలా ఉన్నావు. ఇక నోరు మూసుకుని ఉంటే నేను నర్సునే కాదు.

నీకు ఏమైందో చెబుతాను. నువ్వు పిల్లలకు పాఠం చెప్పేదానివి, నీకు అర్థమవుతుంది.

కంటి లోపల కొంచెం నీళ్లు ఎప్పుడూ ఊరుతుంటాయి. కంటి మూలలో ఉన్న సన్నటి సందులోంచి బయటికి పోతుంటాయి. కొందరికి పుట్టుకతోనే ఆ సందు ఇరుకు. వయసు పెరిగే కొద్దీ ఇంకా ఇరుకవుతుంది. చీకట్లో, మసక వెలుతురులో కంటిపాప పెద్దదవుతుంది కదా, అప్పుడు దాని చుట్టూ ఉన్న నల్ల పొర మడత పడి ఆ సందుకు అడ్డం పడుతుంది. మన చెరుకు మడుల్లో తూముకు చెత్త అడ్డం పడితే ఏమవుతుంది? నీళ్లు పోవు, పైనుంచి రావడం ఆగదు, గట్టు ఉబ్బుతుంది. కన్ను అలాగే బిగుసుకుపోయింది. నీకు సందె వేళే సింగిళ్లు కనిపించింది అందుకే. అప్పుడప్పుడు తూము మూసుకుని, నిద్రపోతే తెరుచుకునేది. ఆ రోజు మూసుకున్నది తెరుచుకోలేదు.

కన్ను గట్టిపడితే దానిలోకి రక్తం రాలేదు. రక్తం మోసుకొచ్చేది నువ్వు పిల్లలకు చెప్పే ప్రాణవాయువునే. చూపును మెదడుకు అందించే నరం ఆ గాలి లేకుండా కాసేపే ఉండగలదు. నీళ్లలో మునిగిన మనిషిలాంటిదే. వెంటనే పైకి లాగితే బతుకుతుంది. నీ కన్ను మూడు రోజులు మునిగే ఉంది. మేము చుక్కలు వేసినా కంటిపాప కదలకపోవడానికి కారణం కూడా అదే. దానికి కదిలే ఊపిరి మిగల్లేదు. నీ కన్ను ఊపిరాడక పోయింది వదినా. దేవుడు కొట్టలేదు. నువ్వు చేసిన తప్పేమిటో నాకు తెలియదు, తెలియాల్సిన పని లేదు. ఏ తప్పూ చెయ్యనివాళ్లు, పసుపు కల్లంలో పని చేసే ముసలమ్మలు, నమాజు తప్పనివాళ్లు, నెలకు ఒకరైనా ఇలాగే మా దగ్గరకు వస్తున్నారు.

కుడి కంటిలోనూ అదే ఇరుకు సందు ఉంది. దానికి ఇంకా ఊపిరి ఆడుతోంది.

నన్ను ఏమైనా అను. అన్నం తిను.

బాల


బోధన్
ఏప్రిల్, 1967

బాలవ్వకు,

ఈస్టరు నాడు చీకటితో లేచి సమాధుల దగ్గరకు పోయాను. అందరూ పాడుతుంటే తూర్పు తెల్లబడింది. కుడి కన్ను మూసుకున్నాను. నువ్వు రాసింది నిజమే. ఏమీ లేదు.

మూడు నెలలు రోజూ పొద్దున నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. నువ్వు నిలబెట్టావు. మీ అన్న పోయిన మాట నువ్వు ఉన్నది ఉన్నట్టు చెప్పావు. అందుకే నువ్వు చెప్పిన ప్రతి మాటా నమ్మాను.

నాకు ఇక ఉత్తరాలు రాయొద్దు.

సాయవ్వ


నిజామాబాద్
మే, 1967

వదినా,

రాయొద్దన్నావు. ఇది మందు చీటీ అనుకో.

చుక్కల సీసా బస్సు డ్రైవరు చేత పంపుతున్నాను. కుడి కంట్లో రోజూ వెయ్యి. దీపాల చుట్టూ రంగులు, కనుబొమ్మ మీద నొప్పి, చూపు మసక, వాంతి, వీటిలో ఏది వచ్చినా పడుకోవద్దు. అక్కడ ఎవరికీ చూపించుకుంటూ కూర్చోవద్దు. ఉన్నదానివి ఉన్నట్టు బస్సెక్కి రా. నా మొహం చూడటం ఇష్టం లేకపోతే గంగమణి అనే సిస్టరు ఉంది. మంచి మనిషి. ఆమెకు అన్నీ చెప్పి ఉంచాను. వార్డు గుమ్మంలో ఆమె పేరు చెప్పు, చాలు.

బాల


బోధన్
ఆగస్టు, 1967

బాలకు వదిన దీవెనలు.

ఆపరేషన్ తర్వాత నిన్న మొదటిసారి బడికి పోయాను. ఎండకు కుడి కన్ను కొంచెం చికిలిస్తోంది గానీ బోర్డు మీద సుద్ద ముక్కతో నేను రాసింది నాకు కనిపిస్తోంది. వెనక బల్ల మీద పిల్లల మొహాలు కూడా కనిపిస్తున్నాయి. ఎడమ వైపు తల తిప్పి చూడటం నేర్చుకున్నాను.

వార్డులో పన్నెండు రోజులు నా మంచం పక్కన ఉన్నావు. నేను నీతో మందు, నీళ్లు, దుప్పటి అన్న మాటలు తప్ప మాట్లాడలేదు. అక్కడ నోరు రాలేదు. కాగితం మీద రాయగలను.

కుడి కంటికి నొప్పి వచ్చిన ఆ రోజు ఉదయం నుంచి ముసురు. మధ్యాహ్నానికి క్లాసులో దీపం పెట్టుకోవాలన్నంత చీకటి. పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. బోర్డు మీది అంకెలు పొగలో కలిసినట్టయ్యాయి. మొదట వాన జల్లు అనుకున్నాను. తర్వాత కుడి కనుబొమ్మ మీద వేలు పెట్టి నొక్కినట్టు నొప్పి. రేణుకమ్మ దగ్గరకు పోయి నేను నిజామాబాద్ పోతున్నానని చెప్పాను. "ఈ వానలనా? కాసేపు పండుకో, సోడా తెప్పిస్త, తగ్గుతది" అంది. ఆమె మంచికే చెప్పింది. కిందటిసారి నేను చేసిందీ అదే. "పండుకుంటే కన్ను పోతది రేణుకమ్మా" అని గొడుగు కూడా తీసుకోకుండా బయటపడ్డాను. గేటు దాటేసరికి రోడ్డు సగమే కనిపిస్తోంది. అజీజా ఇంటి నుంచి చెప్పులు లేకుండానే పరిగెత్తుకొచ్చింది. బస్సులో నేను రెండు చేతులతో మొహం కప్పుకుని, దీనికి ఊపిరి ఆడాలి, దీనికి ఊపిరి ఆడాలి అనుకుంటూ కూర్చున్నాను. అదే నా ప్రార్థన. వేరే మాటలు రాలేదు.

మందు చీటీ అనుకోమన్న నీ ఉత్తరం నేను పొయ్యిలో పెట్టాను, బాలా. కోపంతో పెట్టాను. కానీ దానిలోని మాటలు పోలేదు. అన్నం వండుతుంటే గుర్తొచ్చేవి, పలకలు దిద్దుతుంటే గుర్తొచ్చేవి. ఆ మాటలు లేకపోతే నేను ఆ రోజు కూడా సోడా తాగి పడుకునేదాన్ని.

వార్డు గుమ్మంలో గంగమణి పేరు చెప్పాలనే వచ్చాను. తీరా అక్కడికి వచ్చి "మా బాలను పిలవండి" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. నువ్వు పరిగెత్తుకొచ్చి ఏమీ అడగకుండా నా రెప్ప మీద వేలు ఆనించావు. నిమ్మరసంలో కలిపి ఆ జిగట మందు తాగించావు. కక్కుకుంటే మళ్లీ తాగించావు. ఇద్దరం పక్కపక్కనే ఉన్నాం. నువ్వు గంట గంటకూ చుక్కలు వేస్తూ నోట్లోనే ఏదో అనుకుంటున్నావు. నా మంచానికి ఆ పక్కన అజీజా తడి బట్టలతోనే కూర్చుని దువా చేస్తోంది. సాయంత్రానికి డాక్టరు గారు చూసి "దిగుతున్నది. పాప కదిలింది" అన్నారు. నువ్వు గోడ వైపు తిరిగిపోయావు. ఏడ్చావని నాకు తెలుసు. నొప్పి తగ్గి కన్ను కాస్త విప్పగలిగాను, నీ వీపు కనిపించింది.

ఆపరేషన్ తర్వాత తలకు రెండు వైపులా ఇసుక సంచులు పెట్టి, రెండు కళ్లకూ కట్టు కట్టి పడుకోబెట్టారు కదా. ఆ చీకట్లో నీ మీద కోపం కోసం వెతుక్కున్నాను. కొంచెం దొరికింది. ఇప్పుడూ కొంచెం ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ నేను కూడా నీకు అబద్ధం రాశాను. రంగులు పోయాయని డిసెంబరులో రాసిన రోజు కూడా అవి కనిపించాయి. ఆపరేషన్ అంటారని భయపడ్డాను. నీ అబద్ధం ఒకటి, నాది ఒకటి. రెండూ కలిసి నన్ను గుడ్డిదాన్ని చేసేవే.

ఇక ఆ తప్పు ఏమిటో చెబుతాను. ఎడమ కన్ను పోయిన రోజు నేనూ అజీజా మధ్యాహ్నం ఆటకు సినిమాకు పోయాం. మీ అన్న పోయాక అదే మొదటిసారి. ఆడవాళ్ల బెంచీల మీద కూర్చుని, శనగలు తింటూ, నేను ఎంత నవ్వానో! మూడు గంటలు చీకట్లో కూర్చున్నాను. చీకట్లో పాప పెద్దదై తూము మూసుకుంటుందని నువ్వు రాసిన చోట నా మనసు ఆగిపోయింది. ఈస్టరు నాడు సమాధుల దగ్గర నిలబడి ఏమీ కనిపించక నేను ఏడ్చాను. ఇంటికి వచ్చేటప్పుడు మాత్రం, నవ్వినందుకు దేవుడు కన్ను తీసుకోలేదు కదా అన్న ఆలోచన వచ్చింది. ఆ రోజు నుంచి మూడు పూటలా తిన్నాను. నీ మీద కోపంతోనే తిన్నాను, కానీ తిన్నాను.

నీ వదిన,
సాయవ్వ


నిజామాబాద్
ఆగస్టు, 1967

వదినకు బాల వందనాలు.

నీ ఉత్తరం గంగమణి చూస్తుండగా చదివి నవ్వాను, ఏడ్చాను. ఆమె నాకు జ్వరమేమోనని చెయ్యి పట్టి చూసింది. వదినా, ఆ మధ్యాహ్నం నువ్వు లాంతరు మసకలో ప్రార్థన కూటంలో కూర్చుని ఉన్నా అదే జరిగేది. నీ కుడి కంటికి ఇప్పుడు కిటికీ ఉంది. సినిమాకు పో. నన్ను కూడా తీసుకుపో. అన్న పోయాక నేనూ పోలేదు.

నీకు కొంచెం కోపం మిగిలి ఉందని రాశావు. ఉండనీ. నేను దానికి తగినదాన్నే. ఇక నుంచి నీ కంటి గురించి డాక్టరు గారు ఏ మాట అంటే ఆ మాట, ఆయన అన్న రోజే నీకు రాస్తాను.

ఒక్క మాట మాత్రం బతిమాలుకుంటున్నాను. దసరా సెలవులకు నువ్వు వేల్పూర్ పోతావు కదా. అమ్మకు ఎడమ కన్ను సంగతి చెప్పకు. కొడుకు పోయిన దెబ్బే ఆమెకు ఇంకా మానలేదు. దుమ్ము పడి మసకబారిందనే అను. ఆ వయసులో తట్టుకోలేదు.

నీ బాల


వేల్పూర్
అక్టోబరు, 1967

బాలకు దీవెనలు.

అత్తమ్మకు చెప్పేశాను. కోపగించుకోకు, ముందు పూర్తిగా చదువు.

వచ్చిన రోజు నువ్వన్నట్టే దుమ్ము అని చెప్పాను. ఆమె నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూసింది. ఏమీ అనలేదు. మరునాడు గిన్నె ఎడమ పక్కన పెట్టి, నేను తడుముకునే తీరు చూసింది. ఆమె ఎంత మౌనంగా ఉందో నేను అంత నలిగిపోయాను. మూడు నెలలు కిటికీ ముందు నిలబడిన నేను ఆమెను కూడా అలాగే నిలబెడుతున్నానని అనిపించింది. మూడో రోజు పసుపు చేనులో కలుపు తీస్తూ ఉండగా చెప్పేశాను. "అత్తమ్మా, ఈ కన్ను పోయింది. ఇగ రాదు. ఆ కన్నుకు ఆపరేషన్ అయింది, అది మంచిగున్నది."

చేతిలో కొడవలి పక్కన పెట్టి గట్టు మీద కూలబడింది. కాసేపు ఏడ్చింది. తర్వాత నా మీద అరిచింది. "నాతోటి ఎందుకు దాసిండ్రే మీరిద్దరు? నేనేమన్న పచ్చి కుండనా పలుగుతందుకు? కొడుకును మన్నుల పెట్టి బతికిన. కోడలికి ఒక కన్ను కనవడదంటే సస్తనా?" ఇంటికి వచ్చి పొయ్యి రాజేసి, నా కోసం జొన్నరొట్టెలు చేసి, ఎదురుగా కూర్చుని తినిపించింది. నీకు కూడా తిట్లు ఉన్నాయి. అవి రాయను, నువ్వే వచ్చి విను.

ఇవాళ ఆదివారం. చర్చికి బయల్దేరాం. నీకు తెలుసు కదా, ఆమె ఎప్పుడూ అందరి కంటే ముందు నడుస్తుంది. సందు మలుపులో ఎడమ వైపు నుంచి ఒక ఎడ్ల బండి వచ్చింది. నేను చూడలేదు. బండివాడు గట్టిగా కేక వేస్తే గోడకు ఆనుకున్నాను. ఆమె వెనక్కి తిరిగి చూసి, తిరిగి నా దగ్గరకు వచ్చింది. నా ఎడమ పక్కకు వచ్చి నిలబడి, నా మోచెయ్యి పట్టుకుంది. ఇద్దరం అలాగే నడిచాం. అరుగు మీద కూర్చున్న రాములవ్వ చూసి, "ఏందే లక్ష్మవ్వా, కోడలి చెయ్యి పట్టుకొని నడుస్తున్నవు, సూపు మందగించిందా?" అని అడిగింది.

అత్తమ్మ నడక ఆపలేదు. "నాకు కాదు. దీనికి ఈ పక్కన కనవడది" అంది. "ఈ పక్కకు నేనున్న."

నీ వదిన,
సాయవ్వ